పాంబన్ దారిని కొలిచిన కాటన్ దొర

సర్ ఆర్థర్ కాటన్ అనగానే మనందరికీ ధవళేశ్వరం ఆనకట్ట గుర్తుకు వస్తుంది. అయితే గోదావరికి రాకముందే ఆయన ఒక సముద్రపు దారిని కొలిచిన సంగతి చాలామందికి తెలియదు. పులికాట్ సరస్సు పక్కన చదువుకుంటున్న మనం తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇది.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. తల్లిదండ్రులకు ఆయన పదవ కుమారుడు. అడిస్కాంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక కళాశాలలో చదివి, 1821లో మద్రాసు ఉద్యోగానికి నియమితులయ్యారు. 1823లో పాంబన్ దారిని సర్వే చేసే పని ఆయనకు అప్పగించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్లు. అంటే మన హాస్టల్ నుండి వెళ్లి డిగ్రీ చదువుతున్న అన్నయ్యల వయసే!

పాంబన్ దారి మండపానికీ రామేశ్వరం దీవికీ మధ్య ఉంది. దానికి దక్షిణాన మన్నారు సింధుశాఖ, ఉత్తరాన పాక్ అఖాతం, పాక్ జలసంధి ఉన్నాయి. దీవి చివరనున్న ధనుష్కోడి నుండి శ్రీలంక వైపు రామసేతువు ఇసుక తిన్నెలు సాగుతాయి. అక్కడ నీటి లోతు చాలా తక్కువ. చిన్న పడవలు పోగలవు గాని పెద్ద ఓడలు పోలేవు. అందుకే కొచ్చిన్ నుండి చెన్నైకి వచ్చే ఓడ శ్రీలంక చుట్టూ తిరిగి రావాలి. కాలమూ, ఖర్చూ రెండూ పెరుగుతాయి.

పాంబన్ దారిని లోతు చేస్తే ఓడలు నడపవచ్చునని కాటన్ సూచించారు. వెంటనే ఎవరూ పట్టించుకోలేదు. 1828లో మేజర్ సిమ్ ఆధ్వర్యంలో కొన్ని రాళ్లను పేల్చి తొలగించారు. 1837లో మళ్లీ సర్వే జరిగింది. స్వతంత్ర భారతంలో 2005లో సేతుసముద్రం పనులు మొదలై, కోర్టు వివాదాల మధ్య ఆగిపోయాయి.

కాటన్ మాత్రం అక్కడితో ఆగలేదు. 1836లో తంజావూరు ప్రాంతానికి నీరందించేలా కొల్లడం నదిపై ఆనకట్టలు కట్టించారు. కరువుతో, తుఫానులతో చితికిపోయిన గోదావరి ప్రాంతానికి 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని ప్రారంభించి 1852 నాటికి పూర్తి చేశారు. కాలువ అంటే పొలానికి నీరే కాదు, పడవకు దారి కూడా అని ఆయన నమ్మకం. ఆయన కంపెనీ ఉద్యోగి, పన్నుల రాబడి కంపెనీది. రాళ్లు మోసిన వేలాది కూలీల పేర్లు మనకు తెలియవు. కాటన్‌ను తలచుకున్నప్పుడు వారినీ తలచుకోవడం మన ధర్మం. 1899 జూలై 24న, 96వ ఏట ఆయన కన్నుమూశారు.

మన పులికాట్ మీదుగా సాగే బకింగ్‌హాం కాలువ కాటన్ తవ్వించినది కాదు. 1806లో మద్రాసు దగ్గర మొదలై, 1876-78 కరువులో కూలీల చెమటతో పొడవు పెరిగింది. శ్రీహరికోట కట్టెలు ఆ దారినే మద్రాసు చేరేవి. 1965, 1966 తుఫానులు దానిని బాగా దెబ్బతీశాయి.

పాంబన్‌లో ఓడకు అడ్డుపడిన ఇసుకే పులికాట్‌లో చేపకు అడ్డుపడుతోంది. సముద్రం నుండి సరస్సులోకి నీరు వచ్చే ముఖద్వారం పూడితే చేపలు, రొయ్యలు లోపలికి రావు. వల ఖాళీగా వస్తే ఆ ఇంటివారు కూలికి వలస పోవలసిందే. ఆ ఇళ్ల నుండి వచ్చి హాస్టళ్లలో చదువుకునే పిల్లలు ఎందరో ఉన్నారు. మిత్రులారా! ఇరవై ఏళ్ల కుర్రవాడు సముద్రపు లోతు కొలవగలిగినప్పుడు, మన సరస్సు లోతు కొలిచే ఇంజనీర్లు మనలో నుండి ఎందుకు రాకూడదు?