ఆలన్ ట్యూరింగు

గణకయంత్ర శాస్త్రమునకు పునాది వేసిన మేధావులలో ఆలన్ మాథిసన్ ట్యూరింగు అగ్రగణ్యుడు. యుద్ధకాలమున ఆయన శత్రువుల రహస్యలిపిని ఛేదించిన కథ పలువురెరిగినదే. యంత్రవేగమునుగూర్చి ఆయన గ్రహించిన సూక్ష్మము మాత్ర మంతగా ప్రచారమునకు రాలేదు. దానినే ముఖ్యముగా నిచట వివరింపబూనితిమి.

ట్యూరింగు 1912వ సంవత్సరము జూన్ 23వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి జూలియస్ చెన్నరాజధానిలో సివిల్ సర్వీసు ఉద్యోగి. మాతామహుడు మద్రాసు రైల్వే ఇంజనీరు. తల్లిదండ్రులు హిందూదేశమున నుండగా బాలుడు ఇంగ్లాండులోనే పెరిగెను. 1926లో షెర్బోర్ను పాఠశాలలో చేరవలసిన దినమున సమ్మెవలన రైళ్లు నిలిచిపోగా, పదుమూడేండ్ల యీ బాలుడు సౌతాంప్టను నుండి సుమారు 60 మైళ్లు సైకిలుపై పోయి బడి చేరెను.

1931లో కేంబ్రిడ్జి కింగ్సు కళాశాల ప్రవేశించి, 1936లో ఒక ఊహాయంత్రమును వర్ణించెను. అది పొడవైన కాగితపు పట్టీపై గడిగడిగా కదలుచు చదువును, వ్రాయును. దూరపు గడిలోని గుర్తు కావలెనన్న నడుమనున్న గడులన్నియు దాటవలసినదే. సిద్ధాంతమునకది చాలును గాని పనికి చాలదు.

యుద్ధానంతరము 1945లో టెడ్డింగ్టనులోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరి, ఏస్ అను యంత్రమునకు ప్రణాళిక రచించెను. దాని మెమొరీ పాదరసము నింపిన గొట్టములు. అంకెలు ధ్వనితరంగములై గొట్టములో ఒక కొననుండి మరియొక కొనకు పోయి, మరల మొదటికి వచ్చుచుండును. ఒక చుట్టునకు 1,024 మైక్రోసెకనులు పట్టును. రంగులరాట్నములో మన గుఱ్ఱము దాటిపోయిన యెడల పూర్తి చుట్టు తిరిగివచ్చువరకు నిలువవలెను గదా! యంత్రమునకును అదే గతి. ఆజ్ఞలను వరుసగా నుంచినచో, ఒకటి నెరవేరునంతలో రెండవది దాటిపోవును.

ట్యూరింగు దీనికొక యుపాయము పన్నెను. ప్రతి యాజ్ఞయు తన తరువాతి యాజ్ఞ యెచటనున్నదో తెలుపవలెను. అది కావలసిన క్షణముననే గొట్టమునుండి వెలువడునట్లు అమర్పవలెను. మాటిమాటికి కావలసిన అంకెలకు పొట్టి గొట్టములను వేరుగా నుంచెను. ఆయన 1948లో మాంచెస్టరు వెడలినను, సహచరులు నిర్మించిన పైలట్ ఏస్ 1950 మే 10న మొదటి లెక్క చేసెను. చక్కగా నమర్చిన యాజ్ఞ అందు 64 మైక్రోసెకనులలో ముగియును. అమరిక చెడినచో పూర్తి చుట్టు పట్టును.

నేటి యంత్రములకును ఈ ధర్మమే వర్తించును. మెమొరీ పలకలపై సిఎల్ అను సంఖ్య యుండును. అది అడిగిన అంకె వచ్చువరకు నిరీక్షింపవలసిన తాళముల లెక్క. ఆ సంఖ్య నొక్కదానినే చూచి తీర్పు చెప్పరాదు. డిడిఆర్4-3200 పలకపై 16, డిడిఆర్5-6000 పలకపై 30 అనియున్నను, తాళముల నిడివి వేరగుటచే రెండింటి నిరీక్షణయు 10 నానోసెకనులే. ఆ వ్యవధిలో 4 గిగాహెర్ట్సు ప్రాసెసరు 40 తాళములు వేయును. కావుననే తరచు కావలసినవానిని చెంతనుంచు కాష్ మెమొరీ నేడు అవసరమైనది.

1951లో ట్యూరింగు రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. మరుసటి యేడు, స్వలింగ సంబంధమును నేరముగా నెంచిన ఆనాటి చట్టము ఆయనను శిక్షించెను. 1954 జూన్ 7న, నలుబదియొకటవ యేట, సైనైడు విషముచే మరణించెను. బ్రిటిషు ప్రభుత్వము 2009లో క్షమాపణ చెప్పెను. 2013లో రాజక్షమ లభించెను.

వేగమనగా త్వరగా లెక్కించుట మాత్రమే కాదు, కావలసినది వేళకు చేతికందునట్లు ముందుగా నమర్చుకొనుట. విద్యార్థులు ఈ మహనీయుని జీవితమునుండి దీనిని గ్రహింతురుగాక యని కోరుచున్నాము.