ఊరు కోల్పోయినవారి కోసం నాన్సెన్

ఉత్తర ధ్రువ యాత్రికుడిగా ఫ్రిట్యోఫ్ నాన్సెన్ పేరు భూగోళ పాఠాలలో వినిపిస్తుంది. సరిహద్దులు మారినప్పుడు ఇల్లూవాకిలీ కోల్పోయిన లక్షలాది ప్రజలకు ఆయన చేసిన సేవ మన పిల్లలకు అంతగా తెలియదు.

నార్వే రాజధాని క్రిస్టియానియా, అనగా నేటి ఓస్లో నగరం చెంత 1861 అక్టోబరు 10న ఆయన జన్మించారు. జంతుశాస్త్రం అభ్యసించారు. 1888లో ఐదుగురు సహచరులతో గ్రీన్‌లాండ్ మంచు పీఠభూమిని తూర్పు నుండి పడమరకు దాటారు. జనావాసం లేని తూర్పు తీరం నుండి బయలుదేరినందువల్ల వెనుదిరిగితే ఆశ్రయం లేదు, ముందుకు సాగవలసిందే. 1895లో ఫ్రామ్ ఓడను విడిచి, ఒక్క సహచరునితో మంచుపై పయనించి 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశాన్ని చేరారు.

1905లో నార్వే యుద్ధం లేకుండానే స్వీడన్ నుండి వేరుపడింది. అందుకై నాన్సెన్ గట్టిగా వాదించారు. రెండు జాతులు రక్తపాతం లేకుండా విడిపోగలవన్న నమ్మకం ఆయనకు అక్కడే కలిగి ఉంటుందని నాకు తోస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసినా లక్షలాది ఖైదీలు పరదేశాలలో మగ్గుతూనే ఉన్నారు. వారిని స్వస్థలాలకు చేర్చే బాధ్యతను 1920లో నానాజాతి సమితి నాన్సెన్‌కు అప్పగించింది. సోవియట్ ప్రభుత్వం సమితిని గుర్తించకపోయినా నాన్సెన్‌తో మాట్లాడేందుకు అంగీకరించింది. 1922 నాటికి సుమారు 4 లక్షల 27 వేల మంది ఇళ్లకు చేరుకున్నారు.

ఇంతలో సోవియట్ ప్రభుత్వం దేశం విడిచిపోయినవారి పౌరసత్వాన్ని రద్దు చేసింది. రేషను కార్డులో పేరు తప్పుపడితేనే ఎన్నిసార్లు తిరగవలసి వస్తుందో మనకు తెలుసు. ఏ కాగితమూ లేనివాడి గతి ఊహించుకోవచ్చు. అట్టివారి కోసం 1922 జులైలో జెనీవాలో ఒక గుర్తింపు పత్రం రూపొందింది. అదే నాన్సెన్ పాస్‌పోర్టు. కాలక్రమంలో 50కి పైగా ప్రభుత్వాలు దానిని ఆమోదించాయి. అది పౌరసత్వం ఇవ్వలేదు కాని, పని వెతుక్కుంటూ మరో దేశానికి పోయే వీలు కల్పించింది. సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ వంటివారు కూడా ఆ పత్రంతోనే తిరిగారు. ఆ ఏడే నాన్సెన్‌కు నోబెల్ శాంతి బహుమతి లభించింది.

ఆయన జీవితంలో మిక్కిలి చిక్కైన ఘట్టం కూడా అప్పుడే మొదలైంది. 1922 సెప్టెంబరులో గ్రీకు సేనలు టర్కీలో ఓడిపోయాయి, స్మిర్నా నగరం దగ్ధమైంది. లక్షలాది క్రైస్తవులు కట్టుబట్టలతో గ్రీసుకు పారిపోయారు. రెండు ప్రభుత్వాల మధ్య రాయబారం నడిపిన నాన్సెన్, జనాన్ని పరస్పరం మార్చుకోవడమే దారి అని సూచించారు. 1923 జనవరి 30న లోజాన్ నగరంలో ఒడంబడిక కుదిరింది. పారిపోయి వచ్చినవారితో కలిపి సుమారు 12 లక్షల క్రైస్తవులు గ్రీసుకు, సుమారు 4 లక్షల ముస్లింలు టర్కీకి చెందినవారయ్యారు. ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేదు.

ఎవరు ఎటు పోవాలో తేల్చినది మతమే, భాష కాదు. టర్కీ భాష తప్ప మరొకటి ఎరుగని కరమాన్ ప్రాంతపు క్రైస్తవులను గ్రీసుకు పంపారు. గ్రీకు మాట్లాడే క్రీటు ద్వీపపు ముస్లింలను టర్కీకి పంపారు. స్వజాతి అనుకున్నచోటనే వారు పరాయి భాషవారుగా మిగిలారు. మన ప్రాంతంలో 1953, 1956 సంవత్సరాలలో రాష్ట్రాల గీతలు గీసినప్పుడు ఊళ్లు ఇటో అటో పడ్డాయి. పాలనా భాష మారింది, బడి చదువు మారింది, కాని ఇల్లు విడిచిపొమ్మని ప్రభుత్వం ఎవరినీ శాసించలేదు. ఇంట ఒక భాష, సంతలో ఒక భాషగా బతికే మనకు ఆ రెండింటికీ గల తేడా వేరే చెప్పనక్కరలేదు.

నాన్సెన్‌ను నిందించడం మాత్రం సులభం కాదు. శీతకాలం ముంచుకొస్తున్నది, శిబిరాలలో అంటువ్యాధులు ప్రబలుతున్నాయి, వెనుకకు పోతే ప్రాణభయం. వచ్చినవారికి భూమి కావాలి. 1924లో సమితి ఆధ్వర్యంలో గ్రీసుకు రుణం లభించగా మాసిడోనియా, థ్రేస్ ప్రాంతాలలో కొత్త గ్రామాలు వెలిశాయి. 1930లో గ్రీసు, టర్కీలు స్నేహ ఒప్పందం కూడా చేసుకున్నాయి. అయినా తమ ఊరికి తిరిగిపోయే హక్కును ఆ 16 లక్షల మంది నుండి చట్టమే తీసివేసిందన్న నిజం చెరగదు.

నాన్సెన్ చివరి ఏళ్లలో ఆర్మేనియన్ కాందిశీకుల కోసం శ్రమించారు. 1925లో స్వయంగా సోవియట్ ఆర్మేనియాకు వెళ్లి, బీడు భూములకు నీరు పారించి వారిని స్థిరపరచే పథకం సిద్ధం చేశారు. 1930 మే 13న ఓస్లో సమీపంలోని స్వగృహంలో కన్నుమూశారు. ఆయన పేరిట ఏర్పడిన కాందిశీకుల కార్యాలయానికి 1938లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది. ఆర్మేనియా భూములకు నీరు పారించేందుకు ఆయన కోరిన సొమ్మును మాత్రం సమితి సభ్య దేశాలు సమకూర్చలేదు.