రాట్నం వెనక గాంధీజీ, కెమెరా వెనక మార్గరెట్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. మన మాస్టార్ల గురించి, బడి ఆవరణలోని చెట్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ముప్పై అయిదేళ్లు ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన పని గురించి రాస్తానన్నాను. మీ అందరూ చూసిన ఒక ఫొటో, దాన్ని తీసిన మనిషి జీవితం ఇందులో సంగతి.

గాంధీజీ, రాట్నం అనగానే మనకు గుర్తొచ్చే ఫొటో ఒకటుంది. పాఠ్యపుస్తకాల్లో చూశాం, అక్టోబరు రెండో తేదీన పత్రికల్లో చూస్తూనే ఉంటాం. ఈసారి కనబడితే కాస్త నిదానంగా చూడండి. అందులో గాంధీజీ నూలు వడకడం లేదు. నేలమీద పరుపుపై కూర్చుని కాగితాలు చదువుకుంటున్నారు. మనకు దగ్గరగా, పెద్దగా కనబడేది రాట్నం. ఆయన దాని వెనక ఉన్నారు. దేశం మొత్తానికి గుర్తయిన మనిషిని వెనక్కి జరిపి, ఒక కొయ్య సామానును ముందు పెట్టాలంటే తీసేవాళ్లకు చాలా ధైర్యం ఉండాలి. పెళ్లిళ్లకు ఫొటోలు తీసిన అనుభవంతో చెబుతున్నాను, పెళ్లికొడుకు ముందు బిందె పెట్టి తీస్తే మనల్ని మళ్లీ పిలవరు.

దాన్ని తీసింది మార్గరెట్ బర్క్‌వైట్ అనే అమెరికన్. 1904లో న్యూయార్కులో పుట్టింది. తండ్రి అచ్చుయంత్రాలు రూపొందించే ఇంజనీరు. చిన్నప్పుడే కూతుర్ని ఇనుము పోతపోసే ఫౌండ్రీకి తీసుకెళ్లి చూపించాడు. ఆ కరిగిన లోహపు వెలుగు ఆమె మనసులోంచి పోలేదు. చదువు మాత్రం పాముల మీద, బల్లుల మీద మొదలైంది. పద్దెనిమిదేళ్లు నిండకముందే తండ్రి పోయాడు. ఇరవై ఏళ్లకు పెళ్లి, రెండేళ్లలో విడాకులు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించేనాటికి 1927.

అక్కడినుంచి క్లీవ్‌లాండ్ చేరి, ఓటిస్ స్టీల్ కర్మాగారంలో ఫొటోలు తీయడానికి అనుమతి సంపాదించింది. అప్పట్లో ఆడవాళ్లను అలాంటి చోటికి రానిచ్చేవాళ్లు కాదు. తీరా తీస్తే ఫిల్ము మీద ఏమీ పడలేదు. కారణం మాబోటివాళ్లకు సులువుగా తెలుస్తుంది. డార్క్‌రూములో ఎర్రబల్బు ఎందుకు పెట్టుకుంటాం? ప్రింటు కాగితానికి ఎరుపు కనబడదు కాబట్టి. ఆ రోజుల్లో ఫిల్ముకూ అదే గుడ్డితనం. కరిగిన ఉక్కు మన కళ్లకు ఎర్రగా మండిపోతున్నా, ఫిల్ముకు అది చీకటే. చివరికి సినిమా షూటింగులకు వాడే మెగ్నీషియం కాగడాలు తెప్పించి, ఆ తెల్లటి వెలుగులో తీసింది. ఆ ఫొటోలు చూసి హెన్రీ లూస్ అనే పత్రికాధిపతి తన కొత్త పత్రిక ‘ఫార్చ్యూన్’లోకి తీసుకున్నాడు. 1930లో సోవియట్ కర్మాగారాలను కూడా తీసి వచ్చింది.

అదే లూస్ 1936 నవంబరు 23న ‘లైఫ్’ వారపత్రిక మొదలుపెట్టాడు. ధర పది సెంట్లు. ఫొటోలే ప్రధానం, రాత వాటి వెంట నడవాలి. మొదటి సంచిక ముఖచిత్రం మార్గరెట్ తీసిందే, మోంటానాలోని ఫోర్ట్ పెక్ ఆనకట్ట. ఆనకట్టను తీసుకురమ్మని పంపితే, దాన్ని కట్టే కూలీలు రాత్రిపూట గడిపే మద్యం దుకాణాలు, వాళ్ల గుడిసెలు కూడా తీసుకొచ్చింది. సంపాదకులు వాటినే ముఖ్యకథనం చేశారు. మరుసటి ఏడాది లూయివిల్ నగరంలో వరదొచ్చినప్పుడు, సాయం కోసం క్యూలో నిలబడ్డ నల్లవాళ్ల ఫొటో తీసింది. వాళ్ల వెనక గోడమీద పెద్ద ప్రకటన బొమ్మ. అందులో కారులో నవ్వుతూ పోతున్న తెల్లవాళ్ల కుటుంబం, ప్రపంచంలో అందరికన్నా గొప్పగా బతుకుతున్నామన్న రాత. ఆ ఫొటోకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

అదే 1937లో రచయిత ఎర్స్కిన్ కాల్డ్‌వెల్‌తో కలిసి దక్షిణాది పేద రైతుల మీద ‘యూ హావ్ సీన్ దెయిర్ ఫేసెస్’ అనే పుస్తకం తెచ్చింది. ఫొటోల కింద ఉన్న మాటలు ఆ రైతులు అన్నట్టుగా ఉంటాయి, నిజానికి రాసింది వీళ్లిద్దరే. ఆ సంగతి పుస్తకం ముందు చెప్పేశారు కాబట్టి మోసం అనలేం. కానీ నాకు నచ్చలేదు. ముఖం వాళ్లదైతే మాటా వాళ్లదే కావాలి. రెండేళ్ల తర్వాత డొరొథియా లాంగే, ఆమె భర్త పాల్ టేలర్ ఇలాంటి పుస్తకమే వేస్తూ, జనం అన్న మాటల్నే అచ్చువేశారు.

యుద్ధం రోజుల్లో ఆమె చూడని ప్రమాదం లేదు. 1941లో మాస్కో మీద జర్మన్ బాంబులు పడుతుంటే అక్కడే ఉంది. ఆఫ్రికాకు వెళ్తున్న ఓడ టార్పెడో తగిలి మునిగితే లైఫ్‌బోటులో బయటపడింది. 1945 ఏప్రిల్‌లో బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలోకి సైన్యంతోపాటు వెళ్లి, శవాల కుప్పలను, ఎముకల గూళ్లలా మిగిలిన మనుషులను తీసింది. కెమెరా తనకూ ఆ దృశ్యానికీ మధ్య పలచటి తెరలా ఉండబట్టే పని చేయగలిగానని తర్వాత రాసుకుంది. ఆ తెర సంగతి గుర్తుంచుకోండి.

ఇక మన దేశం. 1946లో పూనాలో గాంధీజీని తీయడానికి వెళితే, నూలు వడకడం వచ్చా అని కార్యదర్శి అడిగాడు. రాదంది. రాట్నం విలువ తెలియనివాళ్లు రాట్నం దగ్గరున్న మనిషిని ఎలా తీస్తారని, ముందు నేర్చుకోమన్నాడు. నేర్చుకుంది. మన బడిలో క్రాఫ్టు పీరియడులో తకిలి తిప్పినవాళ్లకు తెలుసు, ఏకు పట్టుకున్న చెయ్యి ఏమాత్రం తొందరపడినా పోగు పుటుక్కున తెగుతుంది. ఆమె పోగూ తెగుతూనే ఉందట. తర్వాత రెండు షరతులు. అది గాంధీజీ మౌనదినం కాబట్టి మాట్లాడకూడదు. ఆయనకు పెద్ద వెలుగు పడదు కాబట్టి మూడే ఫ్లాష్‌బల్బులు.

ఆ బల్బుల గురించి ఈ కాలం పిల్లలకు చెప్పాలి. ఒక్కో బల్బు ఒక్కసారే వెలుగుతుంది, ఆ తర్వాత పారేయడమే. గది చీకటిగా ఉంది, కిటికీ వెలుగు ఎదురుగా కళ్లలో పడుతోంది. మొదటి రెండు బల్బులూ వృథా అయ్యాయి. మూడోది పనిచేసింది. విచిత్రమేమిటంటే, ఆ ఫొటోను లైఫ్ వాళ్లు మొదట పెద్దగా పట్టించుకోలేదు. గాంధీజీ ప్రకృతి వైద్యం మీద వచ్చిన ఒక కథనంలో చిన్నగా వేశారు. ఆయన హత్య తర్వాత 1948 ఫిబ్రవరిలో నివాళి సంచికలో పెద్దగా వచ్చి, అప్పుడు లోకానికి తెలిసింది.

1947లో దేశవిభజన. పంజాబు దారుల్లో లక్షలాదిమంది కాందిశీకులు నడిచిపోతున్నారు. ముసలివాళ్లను భుజాలమీద మోస్తున్న సిక్కుల ఫొటోలు ఆమె తీసినవే. విభజన మీద వచ్చే పుస్తకాల్లో ఈనాటికీ అవే కనబడతాయి. అప్పుడు ఆమెతో ఉన్న లైఫ్ విలేకరి లీ ఐటింగన్ ఆ తర్వాత బయటపెట్టిన సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. సరైన కోణం కుదిరేదాకా మార్గరెట్ వాళ్లను వెనక్కి వెళ్లి మళ్లీ నడిచి రమ్మందట. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ, గంటల తరబడి. కాదనడానికి వాళ్లకు భయం. అప్పటికే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడుస్తున్నవాళ్లు.

స్టూడియోలో మేమూ చెబుతాం, తల కొంచెం ఎత్తండి, ఇటు జరగండి అని. వచ్చినవాళ్లు డబ్బిచ్చి వచ్చారు, వద్దంటే లేచి పోవచ్చు. ఆ దారిలో నడిచేవాళ్లకు ఆ స్వేచ్ఛ లేదు. పూనాలో ఒకరి నియమానికి తలవంచి నూలు వడికిన మనిషి, ఏడాది తిరిగేసరికి నోరులేని వాళ్లమీద తన నియమం నడిపింది. ఆ ఫొటోలు లేకపోతే ఆ కష్టం మనకు ఇంతగా తెలిసేది కాదని కొందరు అంటారు. నిజమే. అయినా ఆ ముసలివాళ్లు అదనంగా నడిచిన దూరం ఫొటోలో కనబడదు కదా. నేను ఆమెను గొప్ప ఫొటోగ్రాఫరుగానే లెక్కేస్తాను, ఈ సంగతి దాచి మాత్రం కాదు.

1948 జనవరి 30న ఆమె గాంధీజీని కలిసి, అణుబాంబు గురించి అడిగింది. అదేరోజు సాయంత్రం ఆయన హత్య జరిగింది. పార్థివదేహం ఉంచిన గదిలోకి కెమెరా దాచి తీసుకెళ్లి ఫ్లాష్ వెలిగించింది. ఏడుస్తున్న జనానికి ఒళ్లు మండింది. బయటికి పంపి, ఫిల్మును వెలుగులో పెట్టి పాడుచేశారు. ఆ రోజుల్లో ఢిల్లీలోనే ఉన్న ఫ్రెంచి ఫొటోగ్రాఫరు హెన్రీ కార్టియే బ్రెసాన్ చిన్న లైకా కెమెరాతో, ఫ్లాష్ లేకుండా ఆ విషాదాన్ని తీశాడు. వెలుగు తేవడమే విద్యగా ఎదిగిన ఆమెకు ఆ రోజు వెలుగే అడ్డమైంది. భారతదేశంలో చూసినదంతా 1949లో ‘హాఫ్‌వే టు ఫ్రీడమ్’ అనే పుస్తకంగా రాసింది.

ఆ తర్వాత దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో లోతుకు దిగి, చెమటతో మెరుస్తున్న ఇద్దరు కార్మికులను తీసింది. అక్కడ వాళ్లకు పేర్లు కాదు, నంబర్లు. 1139, 5122. ఆ ఫొటో తనకు చాలా ఇష్టమని చెప్పేది.

యాభై ఏళ్లు దాటకముందే కాలు, చెయ్యి బిగుసుకోవడం మొదలైంది. పార్కిన్సన్స్ వ్యాధి. కెమెరా పట్టే వేళ్లు మాట వినలేదు. కాగితాలు నలిపి ఉండలు చేస్తూ, తడి తువాళ్లు పిండుతూ చేతులకు వ్యాయామం చేసేది. 1959లో మెదడుకు శస్త్రచికిత్స జరిగినప్పుడు, ఆ కష్టాన్ని ఫొటోలు తీయడానికి లైఫ్‌లోని సహోద్యోగి ఆల్‌ఫ్రెడ్ ఐసెన్‌స్టాట్‌కు అనుమతిచ్చింది. తల గొరిగించుకుని, వణుకుతూ, సరిగ్గా నడవలేక ఉన్న తన రూపం ఆ పత్రికలోనే లక్షలమంది చూశారు. ఇన్నేళ్లూ తాను ఇతరుల బాధ దగ్గర కెమెరా పెట్టింది. తన వంతు వచ్చినప్పుడు తలుపు మూసుకోలేదు. ఆమెలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

1963లో ఆత్మకథ రాసింది. కనెక్టికట్‌లోని డేరియన్‌లో ఆమె ఇంటి ముందుగది గోడ నిండా, తాను 1938లో చెకోస్లోవేకియాలో తీసిన అడవి ఫొటోను నేలనుంచి కప్పుదాకా అతికించుకుంది. 1971 ఆగస్టు 27న, అరవై ఏడేళ్ల వయసులో కన్నుమూసింది. మరుసటి ఏడాది డిసెంబరులో లైఫ్ వారపత్రిక ఆగిపోయింది.