క్రిస్మసు దినములలో ఒక అభిషేకము – బిషప్పు అజరయ్య గారి జీవితము



గత డిసెంబరులో, పండుగ దాటిన మూడవ రోజున, మేము మారికుప్పంలో తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరు వెళ్లాము. మనతో కలిసి ఎదిగిన ఒక తమ్మునికి ఆ రోజున అక్కడ పాస్టరుగా అభిషేకము. చలికి చెవులకు మఫ్లరు చుట్టుకొని, అన్నము పొట్లములు ఒడిలో పెట్టుకొని కూర్చున్నాము. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన నాటి నుండి మన వారికి ఆ రైలే జీవనాధారము. ఛాంపియన్, ఊరుగాం, కోరమండల్ స్టేషన్లలో పనికి పోవు వారు ఎక్కుచుండగా పెట్టె నిండిపోయింది. తెల్లవారిన తరువాత కిటికీలో నుండి సైనైడ్ దిబ్బలు మంచులో కనబడినవి.

ఒక మాట దాచకుండ చెప్పవలెను. ఆ తమ్ముని ఇంటి భాష తమిళము. ఆయన తండ్రి మన తండ్రులతో కలిసి గనిలోనికి దిగినవాడే. అయినను కొన్ని సంవత్సరముల క్రితము ఆయన పేరు మన తెలుగు సంఘమునకు సూచింపబడినప్పుడు, తమిళ యాస గలవాడు తెలుగు మందను ఎట్లు కాయగలడని పెద్దలలో కొందరు అడిగారు. అడిగినవారిలో మేమును ఉన్నాము. ఆయన ఎదురు చెప్పలేదు. లైను ఇండ్లలో రోగులను చూచుచు, పిల్లలకు ఆదివారపు బడి నడుపుచు కాలము గడిపాడు. అభిషేకమునకు రమ్మని పిలువ వచ్చినప్పుడు మా ఇంటికే మొదట వచ్చాడు. అందుచేత ఆ ప్రయాణములో మా మనస్సు తేలికగా లేదు. బంగారుపేటలో రైలు ఆగియుండగా ప్రక్కనున్న యౌవనస్థులు ఏదైన ఒక దైవజనుని సంగతి చెప్పమన్నారు. మాకు తోచిన పేరు బిషప్పు అజరయ్య గారిది. మన బాప్టిస్టు సంఘములలో బిషప్పులు లేరు. అయినను ఆ రోజు మాకు ఆయన కథయే అవసరమైనది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై అను పల్లెలో పుట్టారు. తండ్రి తామస్ వేదనాయగం గారు ఆ పల్లె పాస్టరు. తల్లి ఎల్లెన్ అమ్మగారు ప్రార్థనాపరురాలు, క్రమశిక్షణ గల స్త్రీ. కుమారునికి పదునైదవ యేట తండ్రి చనిపోయారు. తల్లి పెంపకములో పెరిగి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితము చదివారు గాని డిగ్రీ చేతికి రాలేదు. పరీక్షల సమయమున జబ్బు అడ్డుపడినది. డిగ్రీ లేదని కృంగిపోకుండ 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతట విద్యార్థుల మధ్య తిరిగారు. అక్కడ షేర్వుడ్ ఎడ్డీ అను అమెరికా యువకునితో కలిగిన స్నేహము జీవితాంతము నిలిచినది. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని కట్నము లేకుండ, ఆడంబరము లేకుండ వివాహము చేసికొన్నారు. ఆ కాలమున కళాశాలలో చదివిన స్త్రీలు దక్షిణ దేశములో అరుదు. వారిలో ఆమె ఒకరు.

1902లో అజరయ్య గారు సింహళములోని యాళ్పాణము వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత ఖర్చుతో బయటి ప్రాంతమునకు సేవకులను పంపుచుండుట చూచారు. పెద్ద సంఘము, పాత సంఘము గల తిరునల్వేలి ఆ పని చేయలేదే అని సిగ్గుపడ్డారు. 1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఆరంభమైనది. తమిళుల కానుకలతో ఆ సొసైటీ తన సేవకులను నైజాం రాజ్యములోని మన తెలుగు పల్లెలకు, డోర్నకల్ ప్రాంతమునకు పంపినది.

ఆయన జీవితములో క్రిస్మసు దినములు మరల మరల వచ్చుట మేము గమనించాము. 1905 డిసెంబరు 25న, పండుగ నాడే, కలకత్తా దగ్గర శ్రీరాంపూరులో, విలియం కేరీ గారి పేరు గల గ్రంథాలయములో దేశపు నలుమూలల నుండి వచ్చిన క్రైస్తవులు కూడి నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించారు. అజరయ్య గారు దానికి కార్యదర్శి అయ్యారు. కేరీ గారు మన బాప్టిస్టు పితరుడు. తెలుగు వ్యాకరణమును 1814లో అచ్చువేయించినది ఆయనే. ఆ చోట కూడినవారు భారతీయ ధనముతో, భారతీయ సేవకులతో సువార్త పని జరుగవలెనని తీర్మానించుట మనకును సంతోషము.

ఇతరులను పంపుచు తాను కుర్చీలో కూర్చుండుట ఆయనకు సరిపడలేదు. 1909లో మంచి ఉద్యోగము విడిచి, అభిషేకము పొంది, భార్యా బిడ్డలతో డోర్నకల్ చేరారు. ముప్పది దాటిన వయస్సులో తెలుగు నేర్చుకొన్నారు. ఇంటిలో తమిళము, పల్లెలో తెలుగు.

మరుసటి సంవత్సరము, 1910లో, స్కాట్లండు దేశపు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాటలాడారు. మిషనరీలు మా కొరకు ఎంతో త్యాగము చేసిరి, దానికి కృతజ్ఞులము, అయితే మాకు ఇంకను కొరతగా ఉన్నది స్నేహమే అని తెల్లవారి ఎదుట నిర్భయముగా తెలిపారు. ఒకే పనిలో ఉండియు ఒకే బల్ల యొద్ద కూర్చుండని దూరమును గూర్చి ఆయన బాధపడ్డారు. సభలో కొందరు నొచ్చుకొన్నారు. నేటికిని ఆ సభను తలంచువారు ముందుగా తలంచునది ఆ ప్రసంగమునే.

రెండేండ్లకు డోర్నకల్‌కు ఆయనను బిషప్పుగా నియమించుటకు మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ గారు పూనుకొన్నారు. అంతవరకు ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు ఎవరును బిషప్పు కాలేదు. మిషనరీలలో కొందరు అడ్డు చెప్పారు. తన స్వంత సీమలోని క్రైస్తవులలోను కొందరు ఒప్పుకొనలేదు. అయినను 1912 డిసెంబరు 29న, క్రిస్మసు వారములోని ఆదివారమున, కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో బిషప్పులు ఆయన తలపై చేతులుంచారు. వయస్సు ముప్పది ఎనిమిది. తాటిచెట్ల నడుమ పుట్టిన పల్లె పాస్టరు కుమారుడు ఆ మహానగరములో అందరి కన్నుల యెదుట మోకరించాడు.

అయితే నగరములో ఆయన నిలువలేదు. తిరిగి డోర్నకల్ వచ్చి ఎడ్లబండి మీదను, సైకిలు మీదను మాల మాదిగ పల్లెలకు వెళ్లారు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములను వెళ్లగొట్టవలెనని బోధించారు. గని లైనులలో జీతము రోజు సాయంత్రమును చూచినవారికి ఆ నాలుగింటిని విడమరచి చెప్పనక్కరలేదు. బాప్తిస్మము పొందినవారు తమ చేయి తమ తలపై పెట్టుకొని, సువార్త ప్రకటింపని యెడల తమకు శ్రమ అని ఒప్పుకొనవలెనని నేర్పారు. చదువు రాని కూలి కూడ ఆయన దృష్టిలో సువార్తికుడే. ఆయన చివరి సంవత్సరములకు ఆ డయోసిసులో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటినది.

సంఘములు వేరు వేరుగా చీలియుండుట ఆయనకు ముల్లువలె ఉండెను. 1919 మే నెలలో తరంగంబాడిలో వివిధ సంఘముల సేవకులు ఐక్యతను గూర్చి కూడినప్పుడు ఆయనే ముందు నడిచారు. ఆ యత్నము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా ఫలించినది. మన బాప్టిస్టులు అందులో చేరలేదు. మన నమ్మకములు మనకున్నవి. కాని చేరకపోయినంత మాత్రమున ఆయన కోరిన స్నేహము నుండి మనకు సెలవు లేదు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కేథడ్రల్ పాతిక సంవత్సరములు నెమ్మదిగా లేచి, 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. గుడి స్తంభములు, మసీదు గుమ్మటములు తలపించు ఆ కట్టడము ఈ దేశపు మట్టిలో పుట్టినట్టుండును. 1945 జనవరి 1న, కొద్ది దినముల జ్వరముతో, అజరయ్య గారు డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. ఆ మందిరము ప్రక్కనే, తెలుగు నేలలో, ఆ తమిళ బిడ్డను సమాధి చేశారు.

ఇంతవరకు చెప్పుసరికి మాలూరు, వైట్‌ఫీల్డు దాటిపోయినవి. తమిళుడు తెలుగువారికి బిషప్పు ఎట్లయ్యాడని ఒక అబ్బాయి అడిగాడు. మేము జవాబు చెప్పలేకపోయాము. అదే ప్రశ్న మేమును ఒకనాడు వేసియున్నాము గదా.

ఆ మధ్యాహ్నము పాస్టర్లు తమ్ముని తలపై చేతులుంచి ప్రార్థించారు. పిమ్మట కుడిచేతి సహవాసమిచ్చుటకు పెద్దలను పిలిచారు. మా వంతు వచ్చినప్పుడు ఆయన చేయి పట్టుకొని, నాడు మేము పలికినది తప్పు అని చెవిలో చెప్పాము. ఆయన చేయి విడువలేదు. రాత్రి రైలులో మాతో కూడ కెజియఫ్ తిరిగి వచ్చాడు. యౌవనులు వెళ్లిపోయి, వృద్ధులు మిగిలిన లైనులలోనే తన పని అని చెప్పాడు.

దూరమున ఉన్న బిడ్డలారా, పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఆయన యింటికి వెళ్లి ఒక పూట కూర్చుండుడి. అభిషేకమునకు వెళ్లి ఫోటో దిగుట సులభము. మరునాటి నుండి స్నేహితుడుగా ఉండుటయే మన వంతు.