ఆల్డో లియోపోల్డు – బాటలు లేని యడవి

అడవి చూడబోవుట యనగా మనలో పెక్కుమందికి మోటారెక్కి కొండమీదికి పోయి, జలపాతము చెంత భోజనము చేసి, ప్రొద్దు గ్రుంకకమునుపే యిల్లు చేరుట. మేమును అట్లే పోయి వచ్చినవారమే. కాని రెండువారములు గుఱ్ఱముమీద తిరిగినను ఒక్క బండిబాటయైన అడ్డుపడని యడవి యొకటి ప్రజలకొఱకు మిగిలియుండవలెనని కోరి, ఆ కోరికను సాధించిన మహనీయుడొకడు అమెరికా దేశమున నుండెను. అతని పేరు ఆల్డో లియోపోల్డు. అతని చరిత్రము మాకు ప్రియమగుటకు వేఱొక కారణమును కలదు. తాను చేసిన తప్పును తానే కనుగొని, దాచిపెట్టక లోకమునకు తెలిపినవా డతడు.

1887వ సంవత్సరము జనవరి 11వ తేదీన అయోవా రాష్ట్రమందు, మిసిసిపీ నదీతీరముననున్న బర్లింగ్టను పట్టణమున లియోపోల్డు జన్మించెను. తండ్రి కార్లు వ్రాతబల్లలు చేయించి యమ్ము వర్తకుడు. వేటయన్న మిక్కిలి ప్రీతి కలవాడు. ఐనను పక్షులు గుడ్లుపెట్టు తావులకు తరలిపోవు వసంతకాలమున వానిని కాల్చరాదని తనకు తానే నియమ మేర్పఱచుకొనెను. అప్పటికి అట్టి చట్టమేదియు లేదు. ఈ తండ్రి వెంట నదిప్రక్క బురదనేలలలో తిరుగుచు బాలుడు పక్షులను గుర్తించుట నేర్చుకొనెను. బడిలో నేర్చినదానికంటె అచ్చట నేర్చినదే అతనికి తుదివరకు తోడుపడినదని మా తలంపు. 1909లో యేలు విశ్వవిద్యాలయమున అటవీశాస్త్రమందు పట్టము పొంది, ఆ వేసవియందే ప్రభుత్వ అటవీశాఖలో చేరెను.

అతనిని పంపిన చోటు ఆరిజోనా కొండలలోని అపాచీ జాతీయారణ్యము. జాతీయారణ్యమన నేమో బాలురకు కొంచెము చెప్పవలెను. అది ప్రజలందఱి సొత్తుగా ప్రభుత్వము కాపాడు నేల. అందు నిబంధనలకు లోబడి కలప కొట్టవచ్చును, పశువులను మేపవచ్చును, వేటాడవచ్చును, గుడారము వేసికొని విహరింపవచ్చును. ఆ కలపను లెక్కించుటకే ఇరువదిరెండేండ్ల లియోపోల్డు కొందఱు పనివారితో గుఱ్ఱమెక్కి పైనుచెట్ల యడవులలో ప్రవేశించెను.

ఆ సంవత్సరము సెప్టెంబరు మాసమున ఒకనాడు వారందఱును ఎత్తైన రాతియంచున కూర్చుండి మధ్యాహ్నభోజనము చేయుచుండిరి. క్రింద ఏఱు సుడులు తిరుగుచు పాఱుచుండెను. ఱొమ్ములోతు నీటిలో ఏదియో జంతువు ఈవలి గట్టునకు దాటుచుండగా లేడి యనుకొనిరి. అది గట్టెక్కి నీరు విదిలించుకొన్నప్పుడు తోడేలని తెలిసెను. పొదలలోనుండి ఎదిగిన పిల్లలు కొన్ని ఉఱికివచ్చి, తోకలాడించుచు తల్లిని చుట్టుముట్టి ఆడసాగెను. ఆ దినములలో తోడేలు కంటబడిన కాల్చక విడుచుట యనునది కలలోనైన లేని మాట. తుపాకులు ప్రేలెను. అవి నిండుకొనునప్పటికి తల్లి నేలగూలియుండెను. పిల్ల యొకటి కాలీడ్చుకొనుచు బండలలోనికి ప్రాకిపోయెను. లియోపోల్డు పరుగున దిగివచ్చి చూచునప్పటికి తల్లికి ఇంకను కొన యూపిరి యుండెను. దాని కన్నులలోని ఆకుపచ్చని వెలుగు మెల్లగా ఆఱిపోవుట అతడు దగ్గఱనుండి చూచెను.

అంతటితో అతని మనస్సు మాఱెనని వ్రాసిన కథ సొగసుగానే యుండును. కాని అది నిజము కాదు. ఆ పిమ్మట పెక్కేండ్లు న్యూమెక్సికోలో తోడేళ్ళను, కొండసింహములను తుదముట్టింపవలెనని ప్రచారము చేసినవారిలో లియోపోల్డు ముఖ్యుడు. అవి నశించినచో జింకలు వృద్ధియై వేటగాండ్రకు కొఱతయుండదని నాటివారి లెక్క. ఆ లెక్కలో తప్పేమియు అప్పటికి ఎవ్వరికిని కనబడలేదు.

1912లో ఇతడు కార్సను జాతీయారణ్యమునకు పై యధికారియై, ఆ యేడే శాంటఫే నగరమున ఎస్టెల్లా బెర్జెరె యను కన్యను వివాహమాడెను. మఱుసటి యేడు ఏప్రిలులో గొఱ్ఱెలమందల యజమానుల తగవు తీర్చుటకై దూరప్రాంతమునకు పోయి, వడగండ్లవానలో చిక్కి, తడిసిన ప్రక్కలో పండుకొని, మూత్రపిండముల వ్యాధితో మృత్యుముఖమునకు పోయి వచ్చెను. ఏడాదికి పైగా ఉద్యోగమునకు దూరమయ్యెను.

మొదటి మహాయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలో మోటారుబండ్లు విస్తరించెను. నగరవాసులు వేసవి సెలవులకు కొండయడవులపై పడిరి. వారికొఱకు బాటలు, బాటల ప్రక్కన కుటీరములు, కుటీరములకు అంగళ్ళు. కొలరాడోలో ఆర్థరు కార్హార్టు అను ఉద్యోగి ట్రాపర్సు సరస్సు చుట్టును కుటీరముల కట్టరాదని సలహా నిచ్చియుండెను. 1919 డిసెంబరులో లియోపోల్డు అతనిని డెన్వరులో కలిసికొని మాటలాడెను. 1921లో తన యభిప్రాయమును అటవీశాస్త్ర పత్రికలో ప్రకటించెను. ఇట్టి స్థలము కొద్దిమందికే గదా ఉపయోగపడునని కొందఱాక్షేపింతురని అతడెఱుగును. ఎక్కువమందికి బాటలున్న యడవులు కావలసినన్ని యున్నవి, తక్కువమందికి ఒక్కటియైన మిగులవలదా యని అతని వాదము. ఇది న్యాయమైన వాదమని మాకు తోచుచున్నది.

అతని కన్ను న్యూమెక్సికోలోని గీలా జాతీయారణ్యముపై పడెను. గీలా నది పుట్టు కొండలవి. లోతైన లోయలు, పైనుచెట్లు, చేపలు గల సెలయేళ్ళు. నిర్మానుష్యమైన చోటని దానిని పిలుచుట మాత్రము సరికాదు. 13వ శతాబ్దమున మోగోయోను జనులు కట్టిన యిండ్లు అచ్చటి కొండగుహలలో ఇప్పటికిని చూడవచ్చును. పిదప అపాచీలకు అది స్వస్థలము. 1922లో లియోపోల్డు ఆ ప్రాంతమును పరిశీలించి, హద్దులు గీచి, నివేదిక సమర్పించెను. 1924 జూను 3వ తేదీన అటవీశాఖవారు దానిని ఆమోదించి, ఇంచుమించు 7,55,000 ఎకరముల నేలను బాటలకును కట్టడములకును తావీయక విడిచిరి. జాతీయారణ్యములలో అట్టి రక్షణ పొందిన ప్రాంతములలో అదియే మొదటిది. అప్పటికి కొలదిదినముల ముందే లియోపోల్డు విస్కాన్సిను రాష్ట్రమునకు బదిలీయై వెడలిపోయియుండెను.

ఇక్కడ కథ చిత్రమైన మలుపు తిరిగెను. తోడేళ్ళు లేనందున గీలాలో జింకలు మితిమీఱి పెరిగి, పొదలను మొదలంట కొఱికివేసెను. మేత చాలక కృశింపసాగెను. వేటగాండ్రు లోనికిపోయి వానిని తగ్గింపవలెనని తలచి, 1930 ప్రాంతమున అటవీశాఖవారు రక్షితప్రదేశము నడుమనున్న పాత దారిని బాగుచేసి మోటార్లకు తెఱచిరి. అడవి రెండు ముక్కలయ్యెను. బాట వలదన్నవాడు లియోపోల్డే. బాటకు కారణమైన తోడేళ్ళ సంహారమునకు ప్రేరేపించినవారిలో ఒకడును లియోపోల్డే.

1933లో ఇతడు విస్కాన్సిను విశ్వవిద్యాలయమున వన్యమృగ పోషణశాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. 1935లో సారముడిగిన యొక పొలమును కొని, అందలి కోళ్ళగూటినే కుటీరముగా మార్చి, సెలవుదినములలో భార్యతోను అయిదుగురు బిడ్డలతోను పోయి వేలకొలది మొక్కలు నాటెను. అనావృష్టిచే తొలుత నాటినవి పెక్కు చచ్చిపోయెను, మరల నాటిరి.

తోడేలును చంపిన వృత్తాంతమును ఇతడు 1944లో గాని వ్యాసముగా వ్రాయలేదు. ముప్పదియైదేండ్లు పట్టెను. అట్టి వ్యాసముల సంపుటమును ప్రచురింతుమని 1948 ఏప్రిలు 14న ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమువారు తెలియజేసిరి. సరిగా వారము దినములకు, 21వ తేదీన, పొరుగువాని గడ్డిభూమి అంటుకొనగా ఆర్పుటకు పోయి, గుండె ఆగి, లియోపోల్డు అచ్చటనే మరణించెను. గ్రంథము 1949లో వెలువడెను. 1980లో గీలా బాటకు తూర్పుననున్న కొండలలో కొంతభాగము అతని పేర రక్షితారణ్య మయ్యెను.

మెక్సికో తోడేళ్ళు ఆ ప్రాంతమున బొత్తిగా లేకపోయినపిదప, మిగిలిన కొలదింటిని పట్టి బోనులలో పెంచుచు వచ్చిరి. 1998 మార్చి మాసమున వాని సంతతిలో పదునొకండింటిని తెచ్చి ఆరిజోనా కొండలలో విడిచిరి. విడిచిన చోటు అపాచీ జాతీయారణ్యము.