ఎడమచేతి విజేత – కారోయ్ టకాచ్

గత ఏడాది పక్షవాతంతో నా కుడిచేయి పట్టు తప్పింది. గుమాస్తాగా బతికినవాణ్ణి, లైఫ్ సర్టిఫికెట్ మీద వేలిముద్ర వేశాను. అప్పటి నుంచి ఈ మహానుభావుడు తరచు గుర్తుకొస్తున్నారు.

టకాచ్ 1910లో హంగరీ రాజధాని బుడాపెస్టులో జన్మించారు. సైన్యంలో సార్జంటు, పిస్తోలు గురిలో మేటి. అయినా 1936 ఒలింపిక్సుకు పంపలేదు. ఆనాడు జట్టులో చోటు ఆఫీసర్లకే. హోదా అడ్డువస్తే కలిగే బాధ మనకు తెలియనిది కాదు. తర్వాత ఆ నిబంధన తొలగింది. కాని 1938లో సైనిక శిక్షణలో గ్రెనేడు పేలి ఆయన కుడిచేయి తీవ్రంగా గాయపడింది.

ఆయన చేయినే మార్చుకున్నారు. ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో సాధన చేసి, 1939లో జాతీయ విజేత అయ్యారు. యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్సులు జరగలేదు. ఆయన ఆగారు. 1948లో లండన్‌లో, 38వ ఏట, 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో 600కు 580 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం గెలిచారు. 1952లో హెల్సింకీలోనూ స్వర్ణం ఆయనదే. అక్కడ రజతం పొందిన సిలార్డ్ కున్ ఆయన శిష్యుడే. టకాచ్ 1976లో కన్నుమూశారు.

రోజూ ఒక పేజీ ఎడమచేత్తో దిద్దుతున్నాను. అక్షరాలు ఇంకా వంకరే. ఈసారి మాత్రం వేలిముద్ర వేయను, సంతకమే పెడతాను.