సిస్టర్ కెన్నీ

దెబ్బతిన్న అవయవాన్ని కదలనీయక కట్టి ఉంచవలెనా, లేక కదిలించి దానికి పని నేర్పవలెనా అన్న ప్రశ్న వైద్యమంత పాతది. ఎముక విరిగినవారికి పుత్తూరు కట్టు వేసే వైద్యులు వెదురుబద్దలతో బిగించి కట్టడం మనం ఎరిగినదే. విరిగిన ఎముక అతుక్కోవాలంటే స్థిరత్వం కావాలి. ఇందులో ఎవరికీ వివాదం లేదు. కాని ఎముక చెక్కుచెదరక, దానిని కదిలించే కండరమే చచ్చుపడితే ఏమి చేయాలి? ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో ఈ ప్రశ్నకు వచ్చే సమాధానం మీదనే ఎందరో పసిపిల్లల నడక ఆధారపడి ఉండేది. ఆ కాలంలో పెద్ద పెద్ద వైద్యులు చెప్పిన సమాధానం ఒకటి. ఏ కళాశాలలోనూ వైద్యం చదవని ఒక ఆస్ట్రేలియా పల్లెటూరి నర్సు చెప్పిన సమాధానం మరొకటి. ఆమె పేరు ఎలిజబెత్ కెన్నీ.

ఎలిజబెత్ 1880 సెప్టెంబరు 20న ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, వారియాల్డా అనే ఊరికి సమీపంలో జన్మించింది. తండ్రి మైకేల్ కెన్నీ ఐర్లండు నుండి వలస వచ్చిన రైతు. బ్రతుకుతెరువు కోసం ఆ కుటుంబం ఊళ్లు మారుతూ, చివరకు క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని నాబీ అనే చిన్న గ్రామం చేరి స్థిరపడింది. ఈ తిరుగుళ్లలో ఆమెకు బడి చదువు అంతంతమాత్రంగానే అబ్బింది. గుర్రపుస్వారీ మాత్రం చిన్ననాడే పట్టుబడింది.

ఆ స్వారీయే ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. కౌమారంలో ఉండగా ఒకనాడు గుర్రం మీదనుండి పడి ఆమె మణికట్టు విరిగింది. తండ్రి ఆమెను టూవూంబా పట్టణంలోని ఈనియాస్ మెక్‌డొనెల్ అనే వైద్యుని వద్దకు తీసుకొనిపోయాడు. చేయి నయమయ్యేదాకా అక్కడ ఉండవలసి వచ్చిన ఆ బాలిక కాలక్షేపం కోసం వైద్యుని శరీరశాస్త్ర గ్రంథాలు తిరగవేయసాగింది. ఏ కండరం ఏ ఎముకను పట్టుకొని ఉన్నది, ఏది ముడుచుకుంటే ఏది సాగుతుంది అన్న విషయాలు ఆమెను ఎంతగానో ఆకర్షించాయి. ఇంటికి వచ్చిన తరువాత తానే ఒక అస్థిపంజర నమూనాను తయారుచేసుకొని కండరాల తీరు పరిశీలించింది. తనకు తెలిసిన కొద్దిపాటి జ్ఞానాన్ని మొదట ప్రయోగించినది తన తమ్మునిపైనే. బలహీనుడైన ఆ పిల్లవానిచేత ఒక్కొక్క కండరానికి తగిన వ్యాయామం చేయించి దేహదార్ఢ్యం కలిగించింది. వైద్యుడు మెక్‌డొనెల్ జీవితాంతం ఆమెకు గురువుగా, ఆప్తునిగా నిలిచాడు.

నర్సు కావలెనన్న కోరిక ఆమెకు కలిగిన మాట నిజమే గాని, క్రమమైన శిక్షణ పొంది పట్టా పుచ్చుకున్న నర్సు కాదు ఆమె. డాక్టరు అందుబాటులో లేని పల్లెలలో, పైకం ఆశించక, గుర్రం మీద ఇంటింటికీ తిరిగి రోగులకు, బాలింతలకు సేవచేసేది. తరువాత క్లిఫ్టన్ అనే ఊరిలో ఒక చిన్న ఆసుపత్రిని కూడ నడిపింది. పట్టా లేదన్న ఈ ఒక్క విషయమే కడదాకా ఆమెను వెంటాడింది.

1911వ సంవత్సరంలో జరిగినట్లుగా ఆమె తన ఆత్మకథలో చెప్పుకున్న ఒక సంఘటన ఉన్నది. మారుమూల పల్లెలో ఒక పసిపాప కాళ్లు చేతులు మెలిదిరిగి నొప్పితో విలవిలలాడుతున్నది. ఆ వ్యాధి ఏమో కెన్నీకి తెలియదు. లక్షణాలు వ్రాసి మెక్‌డొనెల్‌కు తంతి పంపింది. అది శిశు పక్షవాతమనీ, దానికి తెలిసిన చికిత్స లేదనీ, కనబడే లక్షణాలను బట్టి చేతనైనది చేయమనీ జవాబు వచ్చింది. కెన్నీ కండరాలు గట్టిగా ముడుచుకొని ఉండడం గమనించింది. ఉన్ని కంబళిని ముక్కలు చేసి, మరిగే నీటిలో ముంచి, బాగా పిండి ఆ కండరాలపై కాపడం పెట్టింది. నొప్పి తగ్గింది, పాప నిద్రపోయింది. ఆ తరువాత మెల్లమెల్లగా కాళ్లు చేతులు కదిలించడం నేర్పగా పాప కోలుకున్నది. ఈ కథ తేదీలను గురించి, వివరాలను గురించి తరువాతివారికి సందేహాలు ఉన్నాయి. ఏ మహనీయుల ఆత్మకథలోనైనా జ్ఞాపకం కొంత, కల్పన కొంత కలగలిసి ఉండడం వింత కాదు. కాపడం అన్నది మాత్రం ఆమె కల్పించినది కాదు, కొత్తదీ కాదు. మన ఇళ్లలో పెద్దలు బెణుకులకు, పట్టులకు నేటికీ పెట్టేదే. దానిని ఎవరికి, ఎప్పుడు, దేనికోసం పెట్టిందన్నదే ఆమె కొత్తదనం.

శిశు పక్షవాతమని అప్పుడు పిలిచిన వ్యాధినే నేడు పోలియో అంటున్నాము. దాని వైరస్ సోకినవారిలో చాలమందికి ఏ కీడూ జరగదు. ఏ కొద్దిమందిలోనో అది వెన్నుపాములో ప్రవేశించి, కండరాలను నడిపే నాడీకణాలను నాశనం చేస్తుంది. ఆజ్ఞ అందని కండరం క్రమంగా చిక్కిపోతుంది. ఆనాటి వైద్యుల ఆలోచన ఇది: చచ్చుపడిన కండరాన్ని దానికి ఎదురుగా ఉన్న బలమైన కండరం లాగివేస్తుంది, అందువల్ల కాలు వంకర తిరుగుతుంది, కాబట్టి కాలును కదలనీయక కట్టివేయాలి. ఆ ప్రకారం పిల్లల కాళ్లకు, చేతులకు, ఒక్కొక్కప్పుడు వెన్నుకు కూడ బద్దలు, ప్లాస్టరు కట్లు వేసి వారాల తరబడి, నెలల తరబడి మంచానికి కట్టి ఉంచేవారు. ఆ కట్లు విప్పేనాటికి బాగున్న కండరాలు సైతం పనిలేక కృశించిపోయేవి, కీళ్లు బిగుసుకుపోయేవి. ఇక మిగిలిన జీవితమంతా ఇనుప పట్టాల కాలిపర్లతోనే.

కెన్నీ చూపు దీనికి పూర్తిగా భిన్నమైనది. ముడుచుకొని నొప్పిపెడుతున్న కండరమే వ్యాధిగ్రస్తమైనదనీ, దానిని కాపడంతో సడలించాలనీ, కట్లు విప్పి అవయవాన్ని మొదటినుండీ నెమ్మదిగా కదిలిస్తూ ఉండాలనీ ఆమె వాదం.

మొదటి ప్రపంచ సంగ్రామంలో ఆమె సైనికుల నౌకలపై నర్సుగా పనిచేసింది. 1917లో ఆస్ట్రేలియా సైన్యపు నర్సుల దళంలో సిస్టర్ హోదా లభించింది. ఆమె పేరు ముందున్న ఈ మాటను చూసి ఆమె క్రైస్తవ సన్యాసిని అనుకొనేవారు కొందరున్నారు. అది కేవలం ఉద్యోగపు హోదా. యుద్ధానంతరం గాయపడినవారిని కుదుపు లేకుండా మోసుకొనిపోయే స్ట్రెచర్ ఒకటి కనిపెట్టి, 1927లో దానిపై పేటెంటు పొందింది. నాగలి కింద పడి గాయపడిన పొరుగింటి బాలిక పేరునే దానికి సిల్వియా అని పెట్టింది. ఆమె వివాహం చేసుకోలేదు. మేరీ అనే బాలికను దత్తత తీసుకొని పెంచి, తన వైద్యవిధానంలో సహాయకురాలిగా తీర్చిదిద్దింది.

1930ల ప్రారంభంలో టౌన్స్‌విల్ పట్టణంలో ఒక ఇంటి పెరటిలో కెన్నీ తన చికిత్సాకేంద్రాన్ని ప్రారంభించింది. వైద్యులు ఆశ వదలుకున్న పిల్లలు అక్కడికి వచ్చారు. వేడినీటి స్నానాలు, కాపడాలు, ఆపైన వ్యాయామం. ఈ వ్యాయామం చేయించే తీరు ప్రత్యేకంగా చెప్పదగినది. ముందు పిల్లవాడు ఏ ప్రయత్నమూ చేయడు. కెన్నీయే అవయవాన్ని మెల్లగా కదిలిస్తుంది. పిల్లవాడు మాత్రం తన మనస్సును ఆ కండరం మీద, అది ఎముకను పట్టుకొన్న చోటు మీద నిలపాలి. అందుకోసం పసివారికి సైతం కండరాల పేర్లు నేర్పేది. ఆరేడేండ్ల పిల్లలు లాటిన్ పేర్లతో తమ కాలి కండరాలను చెప్పగలిగేవారు. మనస్సు కుదిరి, కదలిక జాడ కనిపించిన తరువాతనే పిల్లవాడు స్వయంగా ప్రయత్నించాలి. బలమైన పక్క కండరం అడ్డదారిన వచ్చి ఆ పని చేస్తే ఆమె ఒప్పుకొనేది కాదు. పది తప్పు కదలికల కన్న ఒక సరియైన కదలిక మేలన్నది ఆమె పద్ధతి.

ప్రజలు ఆమెను నమ్మారు. ప్రభుత్వం కూడ కొంత నమ్మి క్వీన్స్‌లాండ్‌లో పలుచోట్ల కేంద్రాలు తెరిపించింది. వైద్యలోకం మాత్రం ఒప్పుకోలేదు. 1935లో ప్రముఖ వైద్యులతో ఒక విచారణ సంఘం ఏర్పడింది. 1938లో వెలువడిన దాని నివేదిక కెన్నీ పద్ధతిని తీవ్రంగా ఖండించింది. కట్లు విడిచిపెట్టడం ఘోరమైన పొరపాటనీ, ప్రమాదకరమనీ తేల్చింది. ఆ వైద్యులను దుర్మార్గులనడం న్యాయం కాదు. కాలు వంకరపోతుందన్న భయం వారికి నిజమైనదే. పైగా కెన్నీ చెప్పే సిద్ధాంతం శాస్త్రానికి నిలిచేది కాదు. వెన్నుపాములోని నాడీకణాల నాశనాన్ని ఆమె తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు. నాడులతో సంబంధం తెగలేదనీ, మనస్సు కండరాన్ని మరచిపోయిందనీ వాదించేది. ఆమె చేయి చెప్పినంత సత్యం నోరు చెప్పలేదు. దీనికి తోడు ఆమె స్వభావం కోపిష్ఠిది. విమర్శను భరించలేదు, తనను సమర్థించినవారితోనే కలహించిన సందర్భాలూ ఉన్నాయి. స్త్రీ, పట్టా లేనిది, పల్లెటూరిది, పైగా నిష్ఠురంగా మాట్లాడేది. అందుచేత ఆమె చెప్పినదానిలోని నిజం వినడానికి పలువురు ముందుకు రాలేదు.

1940లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వమే ప్రయాణవ్యయం భరించి ఆమెను అమెరికాకు పంపింది. అప్పటికి ఆమెకు అరవై ఏండ్లు నిండబోతున్నాయి. దత్తపుత్రిక మేరీ వెంట ఉన్నది. న్యూయార్క్‌లోనూ, షికాగోలోనూ ఆదరణ దొరకలేదు. నిరాశతో తిరిగిపోవడానికి సిద్ధపడుతున్న దశలో మిన్నెసోటా రాష్ట్రపు వైద్యులు ఆమె పని చూశారు. మిన్నియాపొలిస్‌లో వాలెస్ కోల్, మైలాండ్ నాప్, జాన్ పోల్ అనే ముగ్గురు వైద్యులు ఆమెకు రోగులను అప్పగించి, ఫలితాలను స్వయంగా పరిశీలించారు. నాప్, కోల్ తమ పరిశీలనలను 1941లో అమెరికా వైద్యసంఘం పత్రికలో ప్రకటించారు. కట్లు లేకుండా పెరుగుతున్న పిల్లల కాళ్లు వంకరపోలేదు! అంతవరకు వైద్యులు భయపడినది జరగలేదన్న ఈ ఒక్క విషయమే వాదనలన్నిటికన్న బలంగా పనిచేసింది. 1942 డిసెంబరులో మిన్నియాపొలిస్ నగరంలో ఆమె పేరిట ఒక వైద్యసంస్థ వెలసింది. దేశం నలుమూలలనుండి నర్సులు, వ్యాయామ చికిత్సకులు వచ్చి శిక్షణ పొందారు. ఆసుపత్రులలో బద్దలు అటకెక్కాయి. వాటి స్థానంలో ఉన్ని కంబళ్లు ఉడికించే పాత్రలు, పిండే యంత్రాలు వచ్చాయి. కాపడం హాయి ఇచ్చినా, కాగిన తడి ఉన్ని వాసనను మాత్రం ఆనాటి పిల్లలు పెద్దవారైన తరువాత కూడ మరచిపోలేదు. వారిలో ఒకడైన ఆలన్ ఆల్డా తరువాత అమెరికాలో ప్రసిద్ధ నటుడయ్యాడు. ఏడేండ్ల వయస్సులో అతనికి తల్లిదండ్రులే ఈ కాపడాలు పెట్టారు.

కీర్తి వచ్చిన తరువాత కూడ కలహం ఆగలేదు. 1944లో అమెరికా వైద్యసంఘం పక్షాన ఎముకల వైద్యుల బృందం ఒకటి ఆమె మాటలలోని అతిశయోక్తులను ఎండగట్టింది. 1946లో ఆమె జీవితంపై చలనచిత్రం వచ్చింది. రోజలిండ్ రస్సెల్ ఆమె పాత్ర ధరించింది. 1950లో అమెరికా శాసనసభ, ఆ దేశంలోకి ఏ పత్రాలూ లేకుండా స్వేచ్ఛగా వచ్చిపోయే అరుదైన గౌరవం ఆమెకు ఇచ్చింది. 1951లో జరిగిన అభిప్రాయ సేకరణలో అమెరికా ప్రజలు తాము ఎక్కువగా అభిమానించే మహిళగా ఆమెను పేర్కొన్నారు.

ఆ సంవత్సరమే ఆమె టూవూంబాకు తిరిగి వచ్చింది. అప్పటికే పార్కిన్సన్ వ్యాధి ఆమెను పట్టుకొన్నది. ఇతరుల కండరాలకు ఆజ్ఞలు వినడం నేర్పిన ఆ చేతులు ఆమె ఆజ్ఞను వినడం మానివేశాయి. 1952 నవంబరు 30న ఆమె కన్నుమూసింది. నాబీ గ్రామంలోనే ఆమెను సమాధి చేశారు.

ఆమె మరణించిన తరువాత, 1955లో, జోనాస్ సాల్క్ రూపొందించిన పోలియో టీకా విజయవంతమైనట్లు ప్రకటన వెలువడింది. భారతదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది; 2014 మార్చిలో మనదేశం పోలియో లేని దేశంగా ధ్రువీకరణ పొందింది. అంతకుముందు తరంలో మన పల్లెలలో ప్రతి బడిలోనూ ఒకరో ఇద్దరో పిల్లలు మోకాటిపై చేయి ఆనించి నడిచేవారు. కెన్నీ కాపడాల అవసరం ఆ విధంగా తీరిపోయింది. కాని మిన్నియాపొలిస్‌లో ఆమె పేరిట వెలసిన సంస్థ మూతపడలేదు. 2013లో మరొక సంస్థతో కలిసి కరేజ్ కెన్నీ అనే పేరు ధరించి, ప్రమాదాలలోనూ, ఆటలలోనూ గాయపడినవారికి, పక్షవాతం వచ్చినవారికి మళ్లీ కదలిక నేర్పే పనిని కొనసాగించింది.